1720 లండన్‌లో పల్లకీ కుర్చీ బాడుగ ఎంత?

తేడా వచ్చింది దూరం దగ్గరే. మీ కథలో నాయిక నాటకం చూసి మైలుంపావు దూరం పల్లకీ కుర్చీలో, అంటే ఇద్దరు మనుషులు కర్రలతో మోసే మూసిన కుర్చీలో, ఇంటికెళ్తుంది. మీరేమో గుర్రబ్బండి రేటు కట్టి ఒక షిల్లింగ్ ఇప్పించారు, మోతగాళ్ళు ఇంకా కావాలంటున్నారు. వాళ్ళు అడగడం న్యాయమే!

1. బాడుగ గుర్రబ్బండికి మైలున్నర వరకు 1 షిల్లింగ్.
2. కుర్చీకి అదే షిల్లింగ్‌కి ఒక్క మైలే. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. చట్టం రెంటికీ రేటు ఒకటే పెట్టి, మనుషులు మోసేదానికి దూరం తగ్గించింది. మైలు దాటితే షిల్లింగున్నర.
3. షిల్లింగంటే 12 పెన్నీలు. కాబట్టి ఆమె ఇవ్వాల్సింది 18.

గొడవ సీను ఉంచాలనుకుంటే, ఆమె చేత కుర్చీ మీది నంబరు చూపించండి. లైసెన్సున్న ప్రతిదానికీ నంబరుండేది, ఎక్కువ గుంజితే ఆ లైసెన్సులిచ్చే కమిషనర్లకు ఫిర్యాదు చేయొచ్చు. మోతగాళ్ళకి అసలు టెన్షన్ అదే.

ఇంకోటి, ఆమెను పక్క నుంచి దించకండి. తలుపు ముందుంటుంది, పక్కల కర్రలుంటాయి. పైకప్పు ఎత్తితేనే నిటారుగా లేవగలదు.