పర్లాకిమిడి ఎంపీ సమావేశాలప్పుడు వారమంతా ఏం చేస్తారు? ఊళ్ళకు ఎప్పుడొస్తారు?

ఒడిశాలోని పర్లాకిమిడి బరంపురం లోక్‌సభ స్థానంలో ఉంది. సమావేశాలప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా సభ ఉంటుంది కాబట్టి ఊళ్ళకు రావడం ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. సభలో 11 గంటలకు ప్రశ్నోత్తరాలు, 12కి జీరో అవర్ (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం). ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకే మన సమస్యను సమావేశాలకు ముందే ఆయనకు అందించాలి.

ఊరికి వచ్చినప్పుడు దండలు, సెల్ఫీలతో సరిపెట్టకండి. ఎంపీ ల్యాడ్స్ (ఎంపీ స్థానిక అభివృద్ధి నిధులు) కింద ఏడాదికి 5 కోట్లుంటాయి. ఆయన సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది. సర్కారీ తెలుగు బడికి గది కావాలంటే ఏ ఊరు, స్థలం ఎవరిది, పిల్లలెంతమంది అన్నీ అర్జీలో రాయండి. ఒడియాలోనూ రాయించి, ఒక నకలు కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.