థాడియస్ స్టీవెన్స్ ఎవరు?

ప్రశ్న: అమెరికాలో బానిసత్వం రద్దు అనగానే అందరూ లింకన్ పేరే చెబుతారు. ఆయన కాక, చట్టసభలో దానికోసం గట్టిగా కొట్లాడిన లాయరు ఎవరైనా ఉన్నారా అండీ?
– ఓ లా విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఎందుకు లేరమ్మా, థాడియస్ స్టీవెన్స్ ఉన్నారు. 1792లో వెర్మాంట్‌లో పుట్టారు, పుట్టుకతోనే ఒక పాదం వంకర. పెన్సిల్వేనియాలోని గెటీస్‌బర్గ్‌లో ప్రాక్టీసు పెట్టి బాగానే సంపాదించారు. తమాషా ఏంటంటే 1821లో ఈయనే ఒక బానిస యజమాని తరఫున వాదించి గెలిచారు, చారిటీ బట్లర్ అనే ఆవిడ, ఆమె కూతుళ్లు స్వేచ్ఛ పోగొట్టుకున్నారు! తర్వాత పూర్తిగా అటు తిరిగి, పారిపోయి వచ్చిన బానిసల తరఫున నిలబడ్డారు. 1835లో రాష్ట్ర చట్టసభ ఉచిత బడుల చట్టాన్ని ఎత్తేయబోతుంటే ఒక్క ప్రసంగంతో దాన్ని నిలబెట్టారు. బానిసత్వం గొడవతో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఆయన ఉత్తరాది వైపు, కేంద్ర చట్టసభలోని ప్రతినిధుల సభ ఆర్థిక కమిటీకి అధ్యక్షుడు, అంటే యుద్ధానికి డబ్బు సర్దే టెన్షనంతా ఆయనదే, ఆ కోపంతోనేమో 1863లో దక్షిణాది సైన్యం ఆయన ఇనుప కార్ఖానాను తగలబెట్టేసింది. నోరు మాత్రం మహా పదును, లింకన్‌ని కూడా నత్తనడకని దెప్పేవారు.

మీకు పనికొచ్చేది ఒకటి చెబుతా. మన రాజ్యాంగం 14వ అధికరణలో ‘చట్టాల సమాన రక్షణ’ అని చదువుతారు కదా, అది అమెరికా 14వ సవరణ నుంచి తెచ్చుకున్నదే. దాన్ని 1866లో సభలో నడిపించినవాళ్లలో స్టీవెన్స్ ముఖ్యులు. ఆ ముసాయిదా ఆయనకు అస్సలు చాల్లేదు, చాలదని సభలోనే చెప్పి మరీ ఓటేశారు.