పాత గ్రహణం కళ్ళద్దాలు, బైనాక్యులర్: లక్సర్ ప్రయాణానికి సమాధానం

2019 డిసెంబర్ 26 గ్రహణానికి కొన్న అట్ట కళ్ళద్దాలను 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో సంపూర్ణ సూర్యగ్రహణానికి వాడొచ్చా, వాటితోనే బైనాక్యులర్‌లో చూడొచ్చా అని అడిగారు. మొదటిదానికి అవును, రెండోదానికి ససేమిరా వద్దు.

వయసు సమస్య కాదండీ, ఫిల్మ్ బాగుండాలి. గదిలో పెట్టుకుని ట్యూబ్‌లైటు వైపు చూడండి. దాదాపు ఏమీ కనబడకూడదు. గీత, సూదిబెజ్జం, అట్ట నుంచి ఊడిన అంచు ఉంటే ఆ కళ్ళద్దాలనే కత్తిరించి పారేయండి. ఐఎస్‌ఓ 12312-2 అనేది దేశాలన్నీ కలిసి రాసుకున్న ప్రమాణం, కాంతిలో 0.0032 శాతానికి మించి పోనివ్వకూడదంటుంది. కానీ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు, తయారీదారు ఎవరో చూడండి. ఎక్స్‌రే ఫిల్మ్, మసి గాజు వద్దు: వెలుగు తగ్గినట్టుంటుంది, కంటికి కనబడని పరారుణ (వేడి) కిరణాలు లోపలికొస్తాయి. కంటి లోపలి తెర రెటీనాకు నొప్పి తెలీదు, అందుకే కాలుతున్నా మీకు తెలీదు.

50 మి.మీ. బైనాక్యులర్ మీ కనుపాప కంటే కొన్ని వందల రెట్లు వెలుగు పోగేస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని అందులో చూస్తే ఆ వేడికి ఫిల్మ్ క్షణాల్లో కాలిపోతుంది. సోలార్ ఫిల్టర్ ముందువైపు, రెండు పెద్ద కటకాలకూ బిగించి, గాలికి ఎగరకుండా టేపు చుట్టండి.

లక్సర్‌లో సంపూర్ణ దశ, అంటే చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేసే సమయం, 6 నిమిషాలు దాటుతుంది. సూర్యుడి చివరి మెరుపు ఆరాకే కళ్ళద్దాలు తీయండి, అవతలి అంచున మొదటి చుక్క వెలగగానే పెట్టేయండి. ఇంట్లోవాళ్ళు ఇక్కడ మన దేశంలో చూసేది పాక్షిక గ్రహణమే, వాళ్ళు అసలు తీయకూడదు.

(1868లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరుకొచ్చి చూసిందీ ఇలాంటి సంపూర్ణ గ్రహణాన్నే!)