రాత్రి వచ్చిన సమీకరణం పొద్దున ఎందుకు రాదు?

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి, సీబీఎస్ఈ. మిగతా సబ్జెక్టులు బాగానే చదువుతుంది గానీ కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తే చేతులకు చెమటలు పడతాయి. రాత్రి తప్పు లేకుండా అప్పజెప్పిన సమీకరణాలు పొద్దున పరీక్షలో గుర్తుకు రావడం లేదని ఏడుస్తోంది. ట్యూషన్ పెట్టించినా మార్పు లేదు. నాది తెలుగు మీడియం చదువు కావడంతో సాయం చేయలేకపోతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ఇది మతిమరుపు కాదు, బద్ధకం అంతకన్నా కాదు. మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి కొన్నే. తప్పు రాస్తానేమోనన్న దిగులు ఆ కొద్దిపాటి చోటునే ఆక్రమించుకుంటుంది.

రసాయనశాస్త్రంలో ఈ ఇబ్బంది ఎక్కువ కావడానికి కారణముంది. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ 1991లో దాన్ని చక్కగా విడమరిచారు: కంటికి కనిపించే పదార్థం, కనిపించని అణువులు, కాగితం మీది సంకేతాలు – ఈ మూడూ పిల్లల మీద ఒక్కసారే పడతాయి. మన పిల్లలకైతే చాలాసార్లు సంకేతాలే ముందు వస్తాయి. ట్యూషన్‌లోనూ అదే వరస అయితే పొద్దుటి భయం సాయంత్రం రెండోసారి ఎదురవుతుంది, అంతే.

మీరు వంటింట్లో మొదలుపెట్టండి. అడుగు పొడిగా తుడిచిన గిన్నెలో చల్లని నీళ్లు పోసి గ్యాస్ పొయ్యి మీద పెడితే, మొదటి క్షణాల్లో గిన్నె బయటివైపు సన్నని తేమ కమ్ముతుంది. అది లోపలి నీరు కాదు, గ్యాస్ మండడం వల్ల పుట్టిన నీరు. పైపు గ్యాస్‌లో ముఖ్యంగా ఉండేది మీథేన్. సిలిండర్‌లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్ అయినా అవి పూర్తిగా మండితే వచ్చేవి కార్బన్ డయాక్సైడ్, నీరే. తరువాత పళ్లెంలో కార్బన్‌కు ఒక శనగగింజ, హైడ్రోజన్‌కు 4 పెసలు, ఆక్సిజన్‌కు 4 బొబ్బర్లు పెట్టించండి. అవి ఒక మీథేన్ అణువు, రెండు ఆక్సిజన్ అణువులు. ఆ గింజలనే జరిపి ఒక కార్బన్ డయాక్సైడ్‌ను, రెండు నీటి అణువులను పేర్చమనండి. ఒక్క గింజ మిగలదు, ఒక్కటీ తక్కువ కాదు. సమీకరణాన్ని తుల్యం చేయడమంటే ఇదేనని తన చేతులతోనే తెలుసుకున్నాక కాగితం తీయాలి.

మీ తెలుగు మీడియం చదువును తక్కువ చేసుకోకండి. ఒక పరమాణువు ఎన్ని బంధాలతో కలవగలదో చెప్పే ‘వేలెన్సీ’ అన్న మాటలో ఆ అమ్మాయికి ఏ అర్థమూ వినిపించదు; మీరు చదువుకున్న ‘సంయోజకత’లో కలవడం అన్న అర్థం వినిపిస్తూనే ఉంటుంది. అలాగే సోడియం సంకేతం ‘ఎన్ఏ’ ఎందుకైందో ఊరికే బట్టీ పట్టించకుండా, అది లాటిన్ పేరు ‘నాట్రియం’ నుంచి వచ్చిందని చెప్పండి.

పరీక్ష రోజు పొద్దున మాత్రం ఏదీ అప్పజెప్పించకండి. నిద్ర పట్టకపోవడం, వాంతులు కావడం, బడికే వెళ్లననడం వంటివి కొనసాగుతుంటే ఆలస్యం చేయకుండా పాఠశాల కౌన్సిలర్‌తో మాట్లాడండి. మీ నగరంలోనే ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలకు, కౌమారవయస్కులకు ప్రత్యేక మానసిక వైద్య విభాగం కూడా ఉంది.