అడగని సంతకం సంగతేంటి?

ప్రశ్న: గుంటూరులో ఎమ్మే సోషియాలజీ పూర్తిచేశాను. కౌలు రైతులకు సాగుదారు కార్డులు ఎందుకు అందడం లేదన్న అంశం మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఒక సీనియర్ 'క్రిటికల్ రియలిజం' తీసుకోమంటున్నారు. నాన్నేమో 'దాంతో ఉద్యోగం వస్తుందా?' అంటున్నారు.

జవాబు: అమ్మా, పద్ధతి పేరు పక్కనపెట్టి ముందు నీ ప్రశ్న చూద్దాం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు రైతుకు పంట రుణం, పరిహారం లాంటివి అందడానికి ఉపయోగపడే ఈ కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. నువ్వు ప్రత్తిపాడు వైపు ఓ ఊళ్లో మిరప తోటల వెంట తిరుగుతూ 'యజమాని సంతకం పెట్టనన్నాడా?' అని అడిగావనుకో. 'లేదమ్మా' అంటాడు రైతు. అబద్ధం కాదు, అతను అసలు అడగనే లేదు. అడిగితే వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకరికి పోతుందని అతనికి తెలుసు. నీ సర్వే కాగితంలో 'నిరాకరించారు' అన్న గడి ఖాళీగానే ఉంటుంది. అసలు కథంతా ఆ ఖాళీ వెనకే ఉంది.

మీ సీనియర్ చెప్పిన క్రిటికల్ రియలిజం, అంటే 1975లో రాయ్ భాస్కర్ అనే తత్వవేత్త మొదలుపెట్టిన ఆలోచన, పట్టుకునేది సరిగ్గా దీన్నే. మనకు కనిపించేది ఒక పొర. మనం చూసినా చూడకపోయినా జరిగేది ఇంకో పొర. ఆ జరిగేవాటిని పుట్టించే సంబంధాలు, శక్తులు అన్నిటికన్నా లోపలి పొర. శక్తి ఉండి కూడా సంఘటన జరగకపోవచ్చు. అందుకే అంకెలు లెక్కపెడితే సరిపోదు, రైతు చెప్పిన మాట రాసుకున్నా సరిపోదు. 'ఇలా జరగాలంటే లోపల ఏముండి తీరాలి?' అని వెనక్కి తవ్వాలి. ఈ తవ్వకాన్నే రిట్రొడక్షన్ అంటారు. తవ్వి తీసిన కారణాన్ని పక్క ఊరితో పరీక్షించాలి. అదే చట్టం ఉన్న ఇంకో ఊళ్లో యజమానులు సంతకాలు పెట్టారంటే, అక్కడ తేడా ఏమిటి?

కాబట్టి నీ అంశానికి ఇది బాగా నప్పుతుంది. కాకపోతే మొదటి అధ్యాయంలో భాస్కర్ పేరు రాసి, మిగతాదంతా శాతాల పట్టికలతో నింపే థీసిస్‌లు చూసి నాకు బాధేస్తుంది. అలా చేసేట్టయితే వద్దు.

నాన్నగారి భయం న్యాయమైనదే. ఈ పద్ధతి పేరు చూసి ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. ముందు యూజీసీ నెట్ పరీక్ష రాయి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఆ మాట ఆయనకు చెప్పు. ఇంకో సంగతి, ఈ ఆలోచన నుంచే 1997లో పాసన్, టిల్లీ అనే ఇద్దరు 'ఏ పథకం, ఎవరికి, ఏ పరిస్థితుల్లో, ఎందుకు పనిచేసింది' అని అడిగే మూల్యాంకన పద్ధతి తెచ్చారు. పథకాల ఫలితాలు పరిశీలించే సంస్థల్లో పని చేయాలనుకుంటే అది చేతికొచ్చే నైపుణ్యం.

గైడ్ దగ్గరికి వెళ్లేముందు నలుగురు కౌలు రైతులతో, ఇద్దరు యజమానులతో, ఒక వీఆర్వోతో మాట్లాడు. విన్నది రెండు పేజీలు రాసి పట్టుకెళ్లు.