తీగచుట్టా, కుండలియా?

సందేహం: ప్లాస్మాతో, అంటే ఆవేశ కణాలుగా విడిపోయిన వేడి వాయువుతో, పిస్టన్‌ను నడిపే ప్రయోగాత్మక ఇంజనుపై వ్యాసం రాస్తున్నాను. ‘సిలిండరు విద్యుదయస్కాంత వలయముచే చుట్టబడి యుండును’ అని రాశాను. కాయిల్‌ను వలయం అనాలా, కుండలి అనాలా, తీగచుట్ట అనాలా?
– ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు, మిర్యాలగూడ

సమాధానం: వలయాన్ని వదిలేయండి. కరెంటు సాగే దారికి మన పాఠ్యపుస్తకాలు ఆ పేరు ఎప్పుడో పెట్టేశాయి. పిస్టన్‌ను ముషలకం చేయనందుకు మాత్రం సంతోషం.

గుండ్రని చెవిపోగు కుండలం. ఒళ్ళు చుట్టలుగా చుట్టుకునే పాము కుండలి. పోతన భీష్ముడు ‘కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి’ అని తలచుకుంటుంటే, రథం మీది నుంచి దూకిన కృష్ణుని వేగమంతా ఆ పోగుల ఊపులోనే కనబడుతుంది. అటువంటి మాటను ఇంజనుకు తగిలించడానికి నాకు మనసొప్పదు. అది నా బలహీనతే గాని వ్యాకరణం కాదు.

నా మొగ్గు చుట్ట వైపు. తమిళుల పుఱ్ఱు మనకు పుట్ట అయినట్టే వారి చుఱ్ఱు మనకు చుట్టు, కన్నడిగులకు సుత్తు. మన చుట్టూ ఉండేవారు చుట్టాలు. తమిళంలోనూ బంధువర్గం చుఱ్ఱమే. బిందె కింది చుట్టకుదురు, తాతల పొగాకు చుట్ట ఈ ఇంటివే. ఇంగ్లీషు కాయిల్‌కు మూలమైన లాటిను మాటకు పోగుచేయడమని అర్థం. దేన్నో చుట్టి ఉండడమన్న భావం మన మాటలోనే ఉంది. యంత్రంలో జరిగేదీ అదే: చుట్టలో కరెంటు పారితే లోపల అక్షం వెంట అయస్కాంత క్షేత్రం పుడుతుంది, చుట్లు గాని కరెంటు గాని పెరిగితే బలపడుతుంది, ప్లాస్మాలోని ఆవేశ కణాలు బలరేఖలకు అడ్డంగా సులువుగా పోలేక వాటి చుట్టే తిరుగుతాయి గనుక, కాగిన వాయువును గోడకు తగలకుండా నడుమ నిలపవచ్చునని ఆశ. 1984లో అమెరికా పేటెంటు పొందిన జోసెఫ్ పాప్ అనే ఆవిష్కర్త హీలియం, ఆర్గాన్ వంటి జడవాయువులతో ఇటువంటి ఇంజను నడుస్తుందన్నాడు. నిజంగా నడిచిందా అన్నది నా వంటివాడు తేల్చేది కాదు.

ఇక ఆ ‘చుట్టబడి యుండును’. నల్లగొండలో మోటారు వైండింగు చేసే పనివాడు ‘కాయిల్ చుట్టిన’ అంటాడు. చదువుకున్న మనకే ఈ ‘బడు’ జబ్బు. ‘సిలిండరు చుట్టూ తీగచుట్ట ఉంటుంది’ అనండి. ఒక్క మెలిక చుట్టు, మొత్తం చుట్ట. ఈ తేడా చెడనీయకుండా రాస్తే, శీర్షికలో కుండలి అన్నా నేను తప్పు పట్టను.