పాత పెట్టెలోని ఫోటో: ఆయన అధికారేనా?

ప్రశ్న: నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. మావారు జర్మన్. మా అత్తగారి తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారి అనీ, తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన జర్మన్ సేనాని రోమెల్ పక్కనే పోరాడారనీ ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన ఫోటో, రెండు పతకాలు, మాలో ఎవరూ చదవలేని చేతిరాతతో ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. కాపీలు పంపుతున్నాను. ఆ మాట నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఫోటోను భూతద్దం పెట్టి రెండు రాత్రులు చూశాను. అందరి చూపూ ముందు పతకం మీదికి పోతుంది. నేను భుజం చూస్తాను. ఆనాటి జర్మన్ అధికారి భుజం మీద వెండి జరీ పట్టీ ఉంటుంది. లెఫ్టినెంట్‌కు నక్షత్రం ఉండదు, పై లెఫ్టినెంట్‌కు ఒకటి, కెప్టెన్‌కు రెండు. మేజరు మొదలుకొని ఆ పట్టీ జడలా అల్లి ఉంటుంది. మీ ఫోటోలో ఉన్నది మామూలు గుడ్డ పట్టీ, దాని మీద 124 అనే రెజిమెంట్ అంకె. కాలరు అంచు వెంట జరీ కుట్టి ఉంది. అది మన హవల్దారు వంటి హోదాకు గుర్తు. ఫోటో తీసేనాటికి ఆయన అధికారి కారు.

మీ అత్తగారితో ఈ మాట ఎలా చెబుతారో అనే దిగులుతోనే రాస్తున్నాను. కానీ పతకాలూ ఇదే అంటున్నాయి. 1914 అని ఉన్న ఇనుప శిలువ రెండో తరగతిది. దాన్ని లక్షల మందికి ఇచ్చారు, దాని మీద పేరు ఉండదు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఆ చిన్న వెండి పతకమే అసలైన సాక్షి. దాని మీద ఉన్న తల జర్మన్ చక్రవర్తి కైజర్‌ది అనుకుంటారేమో, కాదు. కైజర్ పేరూ రెండో విల్‌హెల్మే, ఆ సామ్రాజ్యంలో భాగమై, మీ స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వుర్టెంబర్గ్ రాజ్యపు రాజు పేరూ రెండో విల్‌హెల్మే! ఇది రాజుగారిది. వెనుక దండలో ‘ధైర్యానికి, విశ్వాసపాత్రతకు’ అని ఉంది. ఈ పతకం సిపాయిలకు, హవల్దారు స్థాయి వారికి. అధికారులకైతే ఇదే వరుసలో శిలువ రూపంలో ఉన్న వేరే పురస్కారం ఇచ్చేవారు.

రోమెల్ సంగతికి ఆధారం లేకపోలేదు. ఆయన 1910లో చేరింది వైన్‌గార్టెన్‌లోని ఈ 124వ రెజిమెంట్‌లోనే. అయితే 1915లో పర్వత దళానికి మారిపోయారు. కలిసి పోరాడి ఉంటే అంతకుముందే పోరాడి ఉండాలి. రెజిమెంట్‌లో మూడు వేల మందికి పైగా ఉండేవారని కూడా గుర్తుంచుకోండి.

ఇక ఆ చిన్న పుస్తకం. అది సైనిక పాస్ పుస్తకం. రాత కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపి. అందులో ‘ఇ’ (e) అక్షరం అచ్చు ‘ఎన్’ (n)లా కనిపిస్తుంది, ‘యు’ (u) మీద చిన్న వంపు గీత ఉంటుంది. ఈ రెండూ పట్టుబడితే ఊరిపేర్లు చదవగలుగుతారు. హోదాలు రాసిన పేజీలో ‘అధికారి స్థానంలో పనిచేసేవాడు’ అనే అర్థం వచ్చే పొడవాటి మాట ఉందేమో వెతకండి. హవల్దార్లలో మేలైన వారికి ఆ బాధ్యత ఇచ్చేవారు. ఇంటివారి నోట అదే ‘అధికారి’గా మిగిలి ఉంటుందని నా అనుమానం.

మీ కుటుంబం ఒక విషయంలో అదృష్టం చేసుకుంది. జర్మన్ రాజ్యాల్లో అతిపెద్దదైన ప్రష్యా సైనికుల కాగితాలు 1945 ఏప్రిల్‌లో బెర్లిన్ పక్కనున్న పోట్స్‌డామ్ మీద బాంబులు పడినప్పుడు చాలావరకు కాలిపోయాయి. వుర్టెంబర్గ్ వారివి మీ ఊళ్లోనే, స్టుట్‌గార్ట్ ప్రధాన రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, రెజిమెంట్ అంకె రాసుకుని వెళ్లండి. ఆయన పాల్గొన్న యుద్ధాలు, తగిలిన గాయాలు, వెండి పతకం వచ్చిన రోజు ఆ చిట్టాల్లో వెతకవచ్చు. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకువెళ్లండి.

ప్రశ్న: 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ కెప్టెన్ ఫోటో ఒకటి దొరికింది. అది ఆ రోజుల నాటిదేనా?
- నెల్లూరు పాఠకుడు

జవాబు: ఆ దాడి జరిగింది 1914 సెప్టెంబరు 22న. కెప్టెన్ కార్ల్ ఫోన్ ముల్లర్‌కు మెడలో వేసుకునే నీలి శిలువ, ‘పూర్ ల మెరిత్’, వచ్చింది 1918లో. మీ ఫోటోలో ఆయన మెడ దగ్గర చూడండి. ఆ శిలువ ఉంటే ఫోటో దాడి నాటిది కాదు.